కౌంటు పడే వారం

ఆదోనిలో రక్త పరీక్షల ల్యాబులో పనిచేసేవాడికి క్యాలెండరు చూడకుండానే కాలం తెలుస్తుంది. వానలు పడి గుంటల్లో నీళ్లు నిలిస్తే మలేరియా, డెంగీ. ఎండాకాలం కొళాయి ఎప్పుడొస్తుందో తెలియక తొట్లలో, డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టుకునే రోజుల్లో టైఫాయిడ్, కామెర్లు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల సంగతి ఇప్పుడు ఊరూరా తెలుసు. ట్రాక్టరు దిగి వచ్చిన పెద్దాయన కూడా కాగితం చేతికివ్వకముందే "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉండాయప్పా?" అంటాడు. న్యూట్రోఫిల్స్ ఎన్ని అని అడిగేవాళ్లు ఉండరు. నాకు తెలిసి ఒక్క తల్లి అడుగుతుంది. కోసిగి వైపు పల్లె ఆమెది, అక్షరాలు అంతంతమాత్రం. ఆ ఒక్క మాట మాత్రం తప్పు పోకుండా పలుకుతుంది.

మా పనిలో జనానికి కనిపించేది సూది గుచ్చడం, కాగితం ఇవ్వడం. మధ్యలో జరిగేదే అసలు పని. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి మిషన్‌కు పెడితే నిమిషంలో లెక్క వస్తుంది. చిన్న ఊళ్లలో ఎక్కువగా ఉండేవి 'త్రీ పార్ట్' మిషన్లు. అవి తెల్లకణాలను సైజును బట్టి మూడు వాటాలు చేస్తాయి. లింఫోసైట్లు ఒకటి, గ్రాన్యులోసైట్లు ఒకటి, మిగతావన్నీ కలిపి 'మిడ్' అనే మూడో వాటా. ఆ మిడ్‌లో మోనోసైట్లు ఎన్నో మిషన్ చెప్పదు. చెప్పాలంటే స్లైడు చేయాల్సిందే. గాజు పలక మీద చుక్క రక్తం పెట్టి, ఇంకో పలక అంచుతో వాలుగా లాగితే నాలుక ఆకారంలో పలచటి పూత వస్తుంది. అది ఆరాక లీష్మాన్ స్టెయిన్ రెండు నిమిషాలు, దాని మీదే బఫర్ నీళ్లు కలిపి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. బఫర్‌కు బదులు మా బోరు నీళ్లు పోస్తే అన్ని కణాలూ నీలం తిరిగిపోతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ల్యాబులో చాలా దారులున్నాయి గానీ బఫర్ దగ్గర నేను పిసినారితనం చేయను. తర్వాత ఆయిల్ చుక్క వేసి, నూరు పవర్ లెన్సు కింద, పూత పలచబడే చోట వంద తెల్లకణాలు లెక్కపెట్టాలి. అందులో న్యూట్రోఫిల్స్ ఎన్ని, లింఫోసైట్లు ఎన్ని, మోనోసైట్లు ఎన్ని అని.

న్యూట్రోఫిల్ మనిషి ఒంట్లో మొదట పరుగెత్తే కాపలా కణం. బ్యాక్టీరియా, బూజు ఎక్కడ చొరబడితే అక్కడికి పోయి మింగి చంపుతుంది. ఎముక మజ్జ వీటిని రోజూ వేల కోట్లలో తయారు చేసి రక్తంలోకి వదులుతుంది, రక్తంలోకి వచ్చాక ఇవి ఎక్కువ కాలం బతకవు. అందుకే మజ్జ చేతులెత్తేస్తే కొద్దిరోజుల్లోనే లెక్క అడుగంటుతుంది. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణిస్తే వచ్చేదాన్ని ఏఎన్‌సీ అంటాం. 1,500 దాటి ఉంటే భయం లేదు. 500 కన్నా తగ్గితే ప్రమాదం. మొత్తం తెల్లకణాలు 4,000 నుంచి 11,000 దాకా నార్మల్ అని ప్రతి రిపోర్టులో అచ్చు వేసి ఉంటుంది. ఒక పిల్లవాడికి మొత్తం 4,800 వచ్చి, స్లైడులో నూటికి నాలుగే న్యూట్రోఫిల్స్ కనిపిస్తే? ఏఎన్‌సీ 192. మొత్తం అంకె మాత్రం నార్మల్. పక్కన ఎర్ర గుర్తు కూడా పడదు.

కోసిగి పిల్లవాడి రక్తం మొదటిసారి ఇలాగే వచ్చింది. "నెలనెలా నోరంతా పుండ్లయితాయి సార్, జరమొస్తాది, నాలుగు రోజులకు దానంతటదే పోతాది. వేడి సేసిందని సబ్జా గింజలు తాపిస్తా ఉండాం" అంది తల్లి. స్లైడు మీద న్యూట్రోఫిల్స్ దాదాపు లేవు, వాటికి బదులు మోనోసైట్లు ఎక్కడ చూసినా కనిపించాయి. వంగిన కేంద్రకం, బూడిద కలిసిన నీలం రంగుతో పెద్ద కణాలు. పిల్లల డాక్టరుగారికి ఫోను చేసి చెప్పాను. న్యూట్రోఫిల్స్ తగ్గినంత మాత్రాన అరుదైన జబ్బు అనుకోకూడదు. మా ఊళ్లో నూటికి తొంభై తొమ్మిది కేసులకు కారణం వైరల్ జ్వరమో, టైఫాయిడో, బి12 లోపమో, మింగిన ఏదో మాత్రో అయి ఉంటుంది. అనాల్జిన్ అనే నొప్పి మందు కొందరిలో ఈ కణాలను పూర్తిగా తుడిచేస్తుందనే దాన్ని కేంద్రం 2013లో ఆపేసి, 2014లో షరతులతో మళ్లీ అనుమతించింది. డాక్టరుగారు ముందు అవన్నీ ఒక్కొక్కటే తోసిపుచ్చారు. పది రోజులకు మళ్లీ చూస్తే కౌంటు బాగానే ఉంది. మామూలుగా అయితే కథ అక్కడే ముగిసేది. తల్లి చెప్పిన 'నెలనెలా' అనే మాట ఆయనను వదల్లేదు. వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు రక్తం చూడమన్నారు.

ఇది చెప్పినంత సులువు కాదు. కోసిగి నుంచి ఆదోనికి రావాలంటే ఒక మనిషి కూలి పోతుంది. "ఇన్నిసార్లు తీస్తే ఒంట్లో రక్తం మిగులుతాదా?" అని తండ్రి నిలదీశాడు. రెండు మిల్లీలీటర్లంటే ఎంతో చూపించడానికి చెంచాలో నీళ్లు పోసి చూపించాను. అరచెంచా కూడా నిండలేదు. సరేనన్నాడు. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతూ పోయాం. పైకి లేచింది, పడింది, నేలకు తాకింది, మళ్లీ లేచింది. ఒక పాతాళం నుంచి ఇంకో పాతాళానికి ఇరవై ఒక్క రోజులు. న్యూట్రోఫిల్స్ పడినప్పుడల్లా మోనోసైట్లు లేచాయి. దీని పేరు సైక్లిక్ న్యూట్రోపీనియా, పది లక్షల మందిలో ఒకరికి ఉండే జబ్బు. 1910లోనే అమెరికాలో ఒక పసివాడి విషయంలో దీని గురించి రాశారు. కారణమైన జన్యువు 1999లో దొరికింది. బూడిదరంగు కోలీ కుక్కల్లోనూ ఇలాంటి జబ్బే ఉండబట్టి, పరిశోధకులు మజ్జ ఎలా లయ తప్పుతుందో ఆ కుక్కల్లో ఎంతోకాలం చూశారు.

డాక్టరుగారు తండ్రి నోరు కూడా తెరిపించి చూశారు. ముప్పై అయిదు దాటకుండానే పళ్లు సగం ఊడిపోయి ఉన్నాయి. "నాకూ సిన్నప్పట్నుంచి ఇంతే సార్, మా వంశానికే వేడి ఒళ్లు" అన్నాడాయన నవ్వుతూ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, పిల్లలకు వచ్చే జబ్బు ఇది. దీనికి మేనరికంతో సంబంధం లేదు. ఆ సంగతి వినగానే పిల్లవాడి నానమ్మ ముఖం చూడాల్సింది. అప్పటిదాకా నింద మొత్తం కోడలి మీదే ఉంది.

ఇక జాగ్రత్తల దగ్గరికి వద్దాం. నేను డాక్టరును కాను. కాని డాక్టరు చెప్పింది ఇంట్లో ఎంతవరకు నడుస్తోందో రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చుని వాళ్లు చెప్పుకునేది నాకే ఎక్కువ. తెల్లకణాల జబ్బు అనగానే జనం చేసే మొదటి పని పిల్లవాడిని ఇంట్లో పెట్టి తలుపేయడం. బడి మాన్పించారు, పండ్లు మాన్పించారు, ఏడాది పొడుగునా మాస్కు పెట్టారు. డాక్టరుగారు ఇవన్నీ తీసేయించారు. న్యూట్రోఫిల్స్ లేనివాడికి పక్క పిల్లవాడి జలుబు కంటే తన నోట్లో, తన పేగుల్లో, తన చర్మం మీద ఎప్పుడూ కాపురముండే బ్యాక్టీరియాతోనే పెద్ద ప్రమాదం. వైరస్‌లను ఎదుర్కొనేవి ఎక్కువగా వేరే కణాలు. అందుకని బడికి పోవచ్చు, నోరు మాత్రం కాపాడుకోవాలి. వేపపుల్ల ఆ ఇంట్లో తరాల అలవాటు. కౌంటు పడే వారంలో దాన్ని పక్కన పెట్టి, మెత్తటి బ్రష్షు, ఉప్పునీళ్ల పుక్కిలింత, డాక్టరు రాసిన మౌత్‌వాష్. చిగురు గీరుకుంటే చాలు, అక్కడి నుంచే రక్తంలోకి దారి. పుచ్చిన పళ్లన్నీ మంచి వారం చూసి బాగు చేయించారు.

గ్రాఫు ఆ ఇంటికి పంచాంగమైంది. చెవులు కుట్టించడం, తలనీలాలు ఇవ్వడం, పత్తి చేలోకి వెంటబెట్టుకుపోవడం అన్నీ చుక్క పైన ఉన్న రోజుల్లోనే. చుక్క కింద ఉన్న రోజుల్లో చెప్పుల్లేకుండా బయట కాలు పెట్టనివ్వరు. పత్తికట్టె గీత కూడా సబ్బుతో కడిగి, ఎర్రబడుతుందేమో సాయంత్రం చూడాలి.

తిండి విషయంలో మా వైపు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉగ్గాని. ఆదోని, ఎమ్మిగనూరుల్లో పొద్దున బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తినని మనిషి ఉండడు. బజ్జీ కాగే నూనెలోంచి వస్తుంది, దాంతో పేచీ లేదు. బొరుగులను మాత్రం నీళ్లలో నానబెట్టి, చేత్తో పిండి, పోపులో నాలుగు తిప్పులు తిప్పి దించేస్తారు. ఆ నీళ్లు ఏ డ్రమ్ములోవో, ఆ చెయ్యి ఎక్కడ పెట్టిందో ఎవరికి తెలుసు? ఇంట్లో కాచిన నీళ్లతో చేసుకుంటే నిక్షేపంగా తినొచ్చు. పచ్చివేవీ తినకూడదన్న కఠిన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. శుభ్రంగా కడగడం, బాగా ఉడికించడం, వేడిగా తినడమే పనిచేసేవి. అరటిపండు, దానిమ్మ ఆ పిల్లవాడికి మళ్లీ దొరికాయి.

వేరే పిల్లవాడి సంగతి కూడా చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. జిన్నింగు మిల్లులో పనిచేసే తండ్రి. పిల్లవాడికి పుట్టగానే వేసిన బీసీజీ టీకా వైపు చంకలో గడ్డ లేచింది. తర్వాత రెండుసార్లు నెమ్ము, ఆ తర్వాత కాలేయంలో చీము. ప్రతిసారీ నా రిపోర్టులో తెల్లకణాలు పదిహేను వేలు, పదహారు వేలు. న్యూట్రోఫిల్స్ నిండుగా ఉన్నాయి, చూడడానికి చక్కగా ఉన్నాయి. స్లైడు మీద ఏ లోపమూ కనిపించదు. మా విద్యకు అక్కడ హద్దు. ఇది క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్. కణాలు సూక్ష్మజీవిని మింగుతాయి, లోపల చంపడానికి కావలసిన రసాయనం మాత్రం తయారు చేయలేవు. ఎన్‌బీటీ అనే పాత పరీక్షలో ఆరోగ్యమైన న్యూట్రోఫిల్ పసుపు రంగును ముదురు నీలంగా మారుస్తుంది, ఈ పిల్లల కణాలు మార్చలేవు. ఇప్పుడు ఫ్లో సైటోమీటర్ మీద డీహెచ్ఆర్ అనే పరీక్ష చేస్తారు. దానికి రక్తం తాజాగా ఉండాలి కాబట్టి డబ్బాలో పంపేకంటే పిల్లవాడినే తీసుకుపోవడం నయం. ముంబైలో కేఈఎం ఆస్పత్రి ఆవరణలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునోహెమటాలజీ ఇలాంటి జబ్బులను తేల్చడంలో పేరున్నది. ఆదోనిలో రైలెక్కితే రాయచూరు, షోలాపూరు మీదుగా నేరుగా అక్కడికే. వేలూరు సీఎంసీ దారి మా వాళ్లందరికీ తెలిసిందే.

ఈ జబ్బులో శత్రువు బయట ఉంది. అదీ మట్టిలో, కుళ్లిన ఆకులో, తడి గడ్డిలో, ధాన్యం దుమ్ములో పెరిగే బూజు, ముఖ్యంగా ఆస్పర్‌జిల్లస్. దాంతోపాటు నోకార్డియా, బర్క్‌హోల్డేరియా లాంటి మట్టి బ్యాక్టీరియా. కోసిగి పిల్లవాడు మంచి వారంలో గడ్డివాము మీద దూకినా పెద్దగా ఏమీ కాదు. ఈ పిల్లవాడికి అదే ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. మా ఊరు చూస్తే పత్తి ఊరు. సీజనులో మార్కెట్ యార్డు నుంచి మిల్లుల దాకా గాలిలోనే దూది. పేడతో అలికిన నేల, వాకిట్లో కల్లాపి, గొడ్ల కొట్టం, వేరుశనగ పొట్టు, పక్కింట్లో కూల్చుతున్న పాత గోడ. ఒక్కొక్కటీ తల్లిని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. తండ్రి ఇప్పుడు మిల్లులోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని ఇంటికి వస్తాడు. కల్లాపి మానేసి వట్టి నీళ్లు చల్లి ముగ్గేస్తారు. కోట్రైమాక్సజోల్, ఇట్రాకోనజోల్ ఏ జబ్బూ లేని రోజు కూడా మింగాలి. దాని మీదే వాళ్లింట్లో గొడవ. "బాగున్న పిల్లోనికి మాత్రలేంటికి?" అని పెద్దవాళ్లు. ఇట్రాకోనజోల్ రోజూ ఇస్తే బూజు ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయని 2003లో అచ్చయిన అధ్యయనంలో తేలింది. ఇంట్లో మాత్రం అధ్యయనం మాట చెల్లలేదు. కాలేయం ఆపరేషన్ మచ్చ చూపిస్తే చెల్లింది.

అన్నిటికంటే కష్టమైనది మృత్తిక. మంత్రాలయం మఠంలో ఇచ్చే ఆ పవిత్రమైన మట్టిని తీర్థంలో కలిపి పుచ్చుకోవడం మా వైపు ఎన్నో ఇళ్లలో నిత్యనియమం. ఒంట్లో బాగాలేని పిల్లవాడికైతే మరీ. రాఘవేంద్రస్వామి మీద నమ్మకం లేనివాడు ఈ పని చెప్పి ఉంటే ఆ ఇంటి గడప తొక్కనిచ్చేవారు కాదు. అదృష్టం కొద్దీ ఈ పిల్లవాడిని చూసే డాక్టరమ్మ గురువారం ఒంటిపూట ఉండే మనిషి. "నుదుట పెట్టండి. నోట్లో మాత్రం వద్దు. స్వామికి తెలుసులే" అంది. నానమ్మ ఒప్పుకుంది. పరిమళ ప్రసాదానికి అభ్యంతరం లేదు. తుంగభద్ర స్నానం మాత్రం, అందులోనూ ఎండాకాలం ఏరు పాయలై మడుగుల్లో నీరు నిలిచినప్పుడు, ఈ పిల్లవాడికి పూర్తిగా బందు. కోసిగి పిల్లవాడు మంచి వారంలో మునిగి వచ్చాడు. ఇద్దరిదీ తెల్లకణాల జబ్బే. ఒకరికి చెప్పిన జాగ్రత్త ఇంకొకరికి అతికిస్తే ఒకడికి అనవసరపు జైలు, ఇంకొకడికి ప్రాణం మీదికి.

ఇద్దరికీ కలిసేది ఒక్కటే, జ్వరం. 101 ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా ఆస్పత్రికి బయల్దేరాలి. కౌంటు లేనప్పుడు జ్వరం వస్తే గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలంటారు డాక్టర్లు. పొద్దున చూద్దాంలే అంటే కుదరదు. కౌంటు లేని ఒంట్లో పుండు ఉన్నా చీము పట్టదు, ఎందుకంటే చీమంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అందుకే పైకి ఏమీ కనిపించదు, లోపల నిప్పంటుకుంటుంది.

మా పల్లెల్లో జ్వరం రాగానే జరిగేది వేరు. సందు చివర సూది వేసే ఆయన ఉంటాడు. పిరుదు మీద ఒక సూది, అందులో తరచూ డెక్సామెథాసోన్. కౌంటు లేని రోజున ఆ సూది గుచ్చిన చోటే గడ్డవుతుంది. ఇంకో ఇబ్బంది ల్యాబుది. డెక్సామెథాసోన్ జ్వరాన్ని అణచేస్తుంది, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను ప్రవాహంలోకి వదిలి కౌంటును ఉబ్బిస్తుంది. ఒకసారి కోసిగి పిల్లవాడి చుక్క పడాల్సిన రోజున ఎగిరి కూర్చుంది. గ్రాఫు చూసి అడిగితే అప్పుడు చెప్పారు, ముందు రోజు సూది వేయించామని. అప్పటి నుంచి రక్తం తీసే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న అదే. కౌంటు లేని పిల్లలకు ఎనిమా, గుదంలో పెట్టే మాత్రలు కూడా పనికిరావు. అదీ ఆ సందు చివరి ఆయనకు చెప్పి రమ్మన్నాం. ఆయన మంచివాడే, విన్నాడు.

మందు సంగతి. జీసీఎస్ఎఫ్ అనే ఇంజెక్షను సైక్లిక్ న్యూట్రోపీనియాకు పనిచేస్తుందని 1989లో తేలింది. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2001లో దాన్ని గ్రాస్టిమ్ పేరుతో తెచ్చాక ధర కొంత అందుబాటులోకి వచ్చింది. చర్మం కింద వేసే చిన్న సూది. అది లయను ఆపదు. ఇరవై ఒక్క రోజుల చక్రాన్ని పద్నాలుగు రోజుల దాకా కుదిస్తుంది, పాతాళం లోతు, నిడివి తగ్గిస్తుంది. గ్రాఫు మీద ఆ మార్పు మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ చెప్పలేను. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచాలి కాబట్టి, కరెంటు పోతే ఎవరి ఫ్రిజ్‌లో పెట్టాలో కూడా ముందే అనుకున్నారు. మిల్లు తండ్రి కొడుక్కి శాశ్వతంగా నయం కావాలంటే మజ్జ మార్పిడే. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు మొదటి వర్గంలో ఉంది, ఎంపిక చేసిన కేంద్రాల్లో 50 లక్షల దాకా సాయం ఉంటుంది. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రం. దరఖాస్తు కదులుతోంది. ఎప్పటికి తేలుతుందో చూడాలి.

సంక్రాంతి దాటాక కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో పల్లెలకు పల్లెలు సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు వైపు మిరపకాయలు తెంపేకి పోయి, పొలం గట్టున గుడారాల్లో ఉంటారు. పిల్లవాడి తల్లి ఈ ఏడు పోవాలా వద్దా అని నన్నడిగితే నేనేం చెప్పను? అప్పులున్నాయి, పోక తప్పదు. డాక్టరుగారు ఒక చీటీ రాసి ల్యామినేషన్ చేయించి ఇచ్చారు. జబ్బు పేరు, జ్వరం ఎంత ఉంటే ఏం చేయాలి, ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, కండకు సూది వద్దు, కౌంటు చూసేటప్పుడు స్లైడు కూడా చూడండి, ఆయన ఫోను నంబరు. గుంటూరు పెద్దాసుపత్రి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో. నేను వచ్చే మూడు నెలలకు కౌంటు పడే వారాలు అంచనా వేసి తారీఖులు వెనకవైపు రాశాను. "రెండు రోజులు ఇటూ అటూ కావొచ్చమ్మా" అంటే, "ఎందుకైనా మంచిదని ఆ వారం మా ఆడబిడ్డ ఊళ్లో ఉంటాం సార్, ఆడ ఆస్పత్రి దగ్గర" అంది. మేస్త్రీతో ముందే మాట్లాడి పెట్టుకుందట, ఆ రోజుల కూలి వదులుకుంటానని.